ఇంకొకరి ఇన్‌బాక్స్‌లో మన కోడ్: ఈమెయిల్ ఎక్స్‌టెన్షన్ తొలి వెర్షన్లను ఎలా పరీక్షించాలి

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా పెద్దమ్మ కూతురు రిక్రూట్‌మెంట్‌లో పనిచేస్తుంది. రోజుకు నలభై యాభై మెయిళ్ళు పంపాలి, వాటిలో సగం మందికి మళ్ళీ గుర్తుచేయాలి. నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి రాస్తున్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) అలాంటివాళ్ళ కోసమే. పంపిన మెయిల్‌కు మూడు రోజుల్లో జవాబు రాకపోతే, ముందే రాసిపెట్టుకున్న రిమైండర్‌ను అదే థ్రెడ్‌లో పంపుతుంది. 0.3 వెర్షన్ అక్కకు ఇచ్చిన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, ఒకే అబ్బాయికి ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్ళిందిరా. మామూలు మెయిల్ అయినా పోనీలే అనుకుందును. ఎప్పుడు చేరతావని అడిగిన మెయిల్ అది. మనిషి దొరక్క కంగారు పడుతున్నామని అనుకోడూ?"

మా లాప్‌టాప్‌లలో ఆ బగ్ ఒక్కసారి కూడా కనబడలేదు. ఆ సాయంత్రం అక్క పక్కన కూర్చుని చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోయింది. అక్క జీమెయిల్‌ను ఎప్పుడూ రెండు ట్యాబ్‌లలో తెరిచి ఉంచుతుంది. ఒకదానిలో ఇన్‌బాక్స్, ఇంకోదానిలో ఇంటర్వ్యూల లేబుల్. మా కోడ్ రెండు ట్యాబ్‌లలోనూ విడివిడిగా నడుస్తోంది. గడువు అయిందని రెండూ చూశాయి, రెండూ పంపేశాయి. మేం ముగ్గురం మాత్రం వారం రోజులపాటు ఒక్క ట్యాబ్ తెరిచే టెస్ట్ చేశాం.

ఈమెయిల్ ఎక్స్‌టెన్షన్ల పరీక్షలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఇన్‌బాక్స్ అలా కాదు, ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. అందుకే బగ్‌లు నిజమైన మనుషులు రోజూ వాడే ఇన్‌బాక్స్‌లోనే బయటపడతాయి. ఉడికీ ఉడకని కోడ్‌ను పెట్టకూడని చోటు కూడా అదే. ఉద్యోగం ఆఫర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ అక్కడే ఉంటాయి. నిజమైన ఇన్‌బాక్స్ లేకుండా పరీక్ష కుదరదు, నిజమైన ఇన్‌బాక్స్‌తో ఆడుకోకూడదు. తొలి వెర్షన్లలో చేసే ప్రతి నిర్ణయం ఈ రెంటినీ ఎలాగోలా పొసగించడానికే.

ముందు ఎక్స్‌టెన్షన్ ఎక్కడ నడుస్తుందో చూద్దాం. బెంగళూరులో అద్దెకున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు, మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి, ఓనర్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు గోడకు రంగు మార్చుకుంటాడు. జీమెయిల్ పేజీలో మన ఎక్స్‌టెన్షన్‌ది కూడా అద్దెకున్నవాళ్ళ పరిస్థితే. అందులో రెండు ముఖ్యమైన భాగాలుంటాయి. ఒకటి కంటెంట్ స్క్రిప్ట్. ఇది జీమెయిల్ పేజీలోకి దూరి బటన్లు పెడుతుంది, పేజీలో ఏముందో చదువుతుంది. రెండోది సర్వీస్ వర్కర్. ఇది ఏ పేజీకీ చెందకుండా బ్రౌజర్ వెనకాల ఉండి టైమర్లు, పంపే పనులు చూసుకుంటుంది. కంటెంట్ స్క్రిప్ట్ పేజీలోని మూలకాలను (బటన్లు, పెట్టెలు లాంటివి) చూడగలదు, మార్చగలదు కానీ జీమెయిల్ సొంత జావాస్క్రిప్ట్‌లోని విలువలను తాకలేదు. బ్రౌజర్ ఆ రెంటినీ వేర్వేరు గదుల్లో ఉంచుతుంది.

జీమెయిల్ మొత్తం ఒకే పేజీ. ఒక మెయిల్ నుంచి ఇంకో మెయిల్‌కు వెళ్ళినా పేజీ మళ్ళీ లోడ్ అవదు, చిరునామా చివర ఉన్న ముక్క మారుతుంది, లోపలి భాగాలు మారిపోతాయి. అందుకని మొదట పెట్టిన బటన్ రెండో మెయిల్‌కు వెళ్ళగానే మాయమవుతుంది, లేదంటే రెండు బటన్లు పక్కపక్కన కనిపిస్తాయి. పేజీలో మార్పులను కనిపెట్టుకుని ఉండే మ్యుటేషన్ అబ్జర్వర్ వాడక తప్పదు. దాన్ని జాగ్రత్తగా రాయకపోతే ప్రతి చిన్న మార్పుకూ పరిగెత్తి, బ్రౌజర్‌నే నెమ్మదిగా చేస్తుంది. పైగా జీమెయిల్ మూలకాల పేర్లు మనుషులు చదవడానికి పెట్టినవి కావు. రెండు మూడు అక్షరాల గుర్తులు, వాటికి ఏ హామీ లేదు. అవి మారితే గూగుల్‌ను తప్పుపట్టడానికి లేదు, వాటిమీద ఆధారపడమని మనకెవరూ చెప్పలేదు. వాటి బదులు, వీలైన చోటల్లా కంటి చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్ల కోసం పెట్టిన రోల్ (ఇది బటన్, ఇది జాబితా అని చెప్పేది), లేబుల్ (దాని పేరు చెప్పేది) గుర్తులను పట్టుకోవడం మేలు. వాటికి ఒక అర్థం ఉంటుంది కాబట్టి అంత తొందరగా మారవు. లేబుల్‌తో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. జీమెయిల్‌ను తెలుగులోనో కన్నడలోనో పెట్టుకున్నవాళ్ళకు ఆ లేబుల్ కూడా ఆ భాషలోనే ఉంటుంది. ఈ తిప్పలన్నీ సొంతంగా పడలేమనుకునేవాళ్ళకు స్ట్రీక్ సంస్థ తయారుచేసిన ఇన్‌బాక్స్ ఎస్‌డీకే లాంటి రెడీమేడ్ కోడ్ కట్టలు ఉన్నాయి.

పేజీని తడుముకోకుండా నేరుగా జీమెయిల్ ఏపీఐతో, అంటే బయటి ప్రోగ్రాముల కోసం గూగుల్ తెరిచి ఉంచిన తలుపుతో, మాట్లాడటం ఇంకో దారి. అది స్థిరంగా ఉంటుంది కానీ అనుమతుల సంగతి వేరే కథ, కాసేపట్లో దానికి వద్దాం.

ఇప్పుడు సర్వీస్ వర్కర్. 2021 జనవరిలో క్రోమ్ 88తో వచ్చిన మూడో మానిఫెస్ట్ (ఎక్స్‌టెన్షన్లు పాటించాల్సిన నియమాల మూడో వెర్షన్) ఎక్స్‌టెన్షన్ల పద్ధతిని మార్చేసింది. అంతకుముందు వెనకాల పేజీ ఎప్పుడూ మేలుకునే ఉండేలా పెట్టుకోవచ్చు. ఇప్పుడు 30 సెకన్లపాటు పని లేకపోతే బ్రౌజర్ సర్వీస్ వర్కర్‌ను ఆపేస్తుంది. పని వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి లేపుతుంది. వేరియబుల్స్‌లో గుర్తుపెట్టుకున్నదంతా పోతుంది. కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే కోడ్ లోపల ఏం జరుగుతోందో చూపించే డెవలపర్ టూల్స్ కిటికీ తెరిచి చూస్తున్నంతసేపూ వర్కర్ ఆగదు. మనం చూస్తున్నంతసేపు అంతా బాగుంటుంది, కిటికీ మూసి టీ తాగి వచ్చేసరికి టైమర్ పోయి ఉంటుంది. మూడు రోజుల తర్వాత పంపాల్సిన పనికి మామూలు టైమర్ పెట్టకూడదు. బ్రౌజర్ ఇచ్చే అలారం పెట్టాలి, వివరాలన్నీ స్టోరేజ్‌లో రాసుకోవాలి. ఆ అలారం కూడా బ్రౌజర్ మూసి తెరిచినప్పుడు ఉండొచ్చు, పోవచ్చు. కాబట్టి ప్రతిసారీ లేవగానే ఉందో లేదో చూసుకుని, లేకపోతే మళ్ళీ పెట్టుకోవాలి.

అక్కకు రెండుసార్లు వెళ్ళిన మెయిల్ దగ్గరికి తిరిగి వెళ్తాను. బయటికి చిన్నగా కనిపించినా, తీగ లాగితే డొంకంతా కదిలింది.

మొదట అనుకున్న పరిష్కారం సులువైనది. పంపగానే 'పంపేశాం' అని స్టోరేజ్‌లో రాసుకుంటే, రెండో ట్యాబ్ అది చూసి ఊరుకుంటుంది. ఊరుకోదు. రెండు ట్యాబ్‌లూ ఒకే క్షణంలో చదివితే రెంటికీ 'ఇంకా పంపలేదు' అనే కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ స్టోరేజ్‌లో చదవడం, రాయడం కలిపి ఒకే పనిగా చేసే వీలు లేదు. అందుకని పంపే పనిని ట్యాబ్‌ల చేతుల్లోంచి తీసేసి, ఒక్క సర్వీస్ వర్కర్‌కే అప్పగించాం. ట్యాబ్‌లు అడుగుతాయి, పంపేది ఒక్కరే.

అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. 'పంపేశాం' అనే గుర్తు పంపకముందు పెట్టాలా, పంపాక పెట్టాలా? పంపాక పెడితే, మెయిల్ వెళ్ళిపోయి గుర్తు పెట్టేలోపు వర్కర్ ఆగిపోవచ్చు. లేచాక మళ్ళీ పంపుతుంది, మళ్ళీ రెండు మెయిళ్ళు. పంపకముందు పెడితే, గుర్తు పడి మెయిల్ వెళ్ళకుండానే నెట్ పోవచ్చు. ఇక ఎప్పటికీ పంపదు. రెంటిలో ఏదో ఒక తప్పును ఎంచుకోక తప్పదు, మూడో దారి లేదు. మేం రెండు రోజులు దీనిమీదే వాదించుకున్నాం. నా పట్టు ఒక్కటే: రెండుసార్లు వెళ్ళిన మెయిల్‌ను వెనక్కి తీసుకోలేం, వెళ్ళని మెయిల్‌ను మళ్ళీ పంపొచ్చు. అందుకని ముందే గుర్తు పెడతాం. వెళ్ళిందో లేదో తేలకపోతే తెర మీద ఎర్రగా చూపించి, 'ఇది వెళ్ళిందో లేదో ఒకసారి చూడండి' అని అడుగుతాం. తనంతట తాను మళ్ళీ ప్రయత్నించదు.

అక్కడితో అయిపోలేదు. అక్కకు ఆఫీసు లాప్‌టాప్ ఒకటి, ఇంట్లో ఒకటి. లోకల్ స్టోరేజ్ ఏ కంప్యూటర్‌ది ఆ కంప్యూటర్‌కే. ఇక్కడ పెట్టిన గుర్తు అక్కడ కనిపించదు. ఇప్పుడు పంపే ముందు ఆ థ్రెడ్‌లోకే వెళ్ళి చూస్తున్నాం: గడువు తర్వాత మన వైపు నుంచి ఇప్పటికే ఒక మెయిల్ ఉందా? అవతలివాళ్ళ జవాబు వచ్చేసిందా? ఉంటే ఆగిపోతుంది. మన సొంత లెక్కల కంటే ఇన్‌బాక్స్‌లో ఉన్నదే నిజం అనుకోవాలి.

లాప్‌టాప్ మూసి ఉన్నప్పుడు సంగతి కూడా చెప్పాలి. అలారం నిద్రపోతున్న కంప్యూటర్‌ను లేపదు. కంప్యూటర్ లేచాక, తప్పిపోయిన అలారం అప్పుడు మోగుతుంది. అక్క సాయంత్రం బెళ్ళందూరులో లాప్‌టాప్ మూసి క్యాబ్ ఎక్కితే, అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర గడిచాక ఇంట్లో తెరుస్తుంది. ఏడింటికి వెళ్ళాల్సిన రిమైండర్ ఎనిమిదిన్నరకు వెళ్తుంది. అది ఫర్వాలేదు. శుక్రవారం మూసి సోమవారం తెరిస్తే మాత్రం, మూడు రోజుల రిమైండర్లన్నీ ఒక్కసారిగా వెళ్ళకూడదు. మామూలు జీమెయిల్ ఖాతాకు రోజుకు 500 మెయిళ్ళ పరిమితి ఉంది, దాటితే కొంతసేపు పంపడం ఆగిపోతుంది. అందుకే ఆరు గంటలకు మించి ఆలస్యమైన వాటిని పంపకుండా జాబితాగా చూపించి అడుగుతాం.

అనుమతుల విషయానికి వద్దాం. మెయిల్ చదవడానికి, మార్చడానికి కావాల్సిన జీమెయిల్ ఏపీఐ అనుమతులను గూగుల్ అన్నిటికంటే కఠినమైన తరగతిలో పెట్టింది. అందరికీ విడుదల చేయాలంటే గూగుల్ పరిశీలన దాటాలి. ఆ డేటా మన సర్వర్‌కు వెళ్తుంటే బయటి సంస్థతో భద్రతా పరీక్ష చేయించాలి, ఏడాదికోసారి మళ్ళీ చేయించాలి. పరిశీలన పూర్తికాకముందు 'టెస్టింగ్' దశలో ఉండొచ్చు. అప్పుడు మనం ముందే పేరు రాసిన 100 మంది వరకే వాడగలరు, వాళ్ళు ఇచ్చిన అనుమతి కూడా ఏడు రోజులకు చెల్లిపోతుంది. ఈ ఏడు రోజుల సంగతి ముందే చెప్పకపోతే, ఎనిమిదో రోజు ప్రతి టెస్టరూ 'మీది పనిచేయడం లేదు' అనే అంటారు. మేం ప్రతి ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఒక మాట పెడతాం: 'రేపు పొద్దున మళ్ళీ లాగిన్ అడుగుతుంది, అది బగ్ కాదు.'

మన దగ్గర సర్వర్ లేకపోతే చాలా తలనొప్పులు తగ్గుతాయి. తొలి వెర్షన్లలో మెయిల్ ఏదీ బ్రౌజర్ దాటి బయటికి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. బగ్ రిపోర్టుల్లో కూడా మెయిల్ విషయం, పేర్లు, అడ్రసులు ఉండకూడదు. ఏ మెట్టు దగ్గర ఆగింది, ఎన్ని ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి, బ్రౌజర్ వెర్షన్ ఏమిటి, ఈ మాత్రం చాలు. అది కూడా టెస్టర్ తాను చూసి పంపితేనే వెళ్ళాలి. దీనివల్ల బగ్ పట్టుకోవడానికి మాకు ఎక్కువ రోజులు పడుతుంది. పట్టనివ్వండి. నమ్మి ఇన్‌బాక్స్ తెరిచి ఇచ్చారు.

కొత్త వెర్షన్‌లో కొత్త అనుమతి చేర్చేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. హెచ్చరిక చూపించాల్సిన అనుమతి చేరితే, వాడేవాళ్ళు ఒప్పుకునేదాకా క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను ఆపేసి ఉంచుతుంది. చాలామంది ఆ చిన్న గుర్తును గమనించరు, రిమైండర్లు వెళ్తున్నాయనే అనుకుంటూ ఉంటారు. అందుకని అదనపు సౌకర్యాలకు కావాల్సిన వాటిని ఐచ్ఛిక అనుమతులుగా పెట్టి, ఆ బటన్ నొక్కినప్పుడే అడగాలి.

వెర్షన్‌ను టెస్టర్ల చేతికి ఎలా ఇవ్వాలి? డెవలపర్ మోడ్ తెరిచి ఫోల్డర్‌ను లోడ్ చేయడం మన వరకే బాగుంటుంది, దానికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఉండదు. అక్కకు జిప్ ఫైలు పంపి విప్పుకోమంటే, మూడో సారికి విసుగొస్తుంది. క్రోమ్ వెబ్ స్టోర్‌లో ఒక్కసారి 5 డాలర్లు కట్టి ఖాతా తెరిస్తే, మనం పేర్లిచ్చిన నమ్మకస్తులైన టెస్టర్లకే కనిపించేలా పెట్టొచ్చు. బీటాకు, అంటే పరీక్ష వెర్షన్‌కు, వేరే పేజీ పెట్టి, పేరులోనే బీటా అని రాయాలి. వెర్షన్ నంబరులో అంకెలు, చుక్కలు తప్ప మాటలు పనికిరావు, 'బీటా' అనే మాటకు వేరే గడి ఉంది. బ్రౌజర్ తనంతట తాను ఎప్పుడూ పై నంబరుకే వెళ్తుంది. 0.4 చెడిపోతే, 0.3లోని కోడ్‌నే 0.4.1 అని పేరు మార్చి పంపాలి. సరిచేసిన కొత్త కోడ్ మాత్రం స్టోర్ సమీక్ష దాటాకే చేరుతుంది. మూడో మానిఫెస్ట్‌లో బయటి నుంచి కోడ్ తెచ్చి నడపడం నిషేధం, కాబట్టి రాత్రికి రాత్రి సరిచేయలేం. కానీ 'పంపడం ఆపు' అనే చిన్న సెట్టింగ్‌ను బయటి నుంచి చదవొచ్చు, అది కోడ్ కాదు, సమాచారం. ఆ ఒక్క స్విచ్ లేకుండా నేను ఎవరికీ బీటా ఇవ్వను.

అప్‌డేట్ వచ్చిన క్షణంలో ఇంకో విచిత్రం జరుగుతుంది. అప్పటికే తెరిచి ఉన్న జీమెయిల్ ట్యాబ్‌లో పాత కంటెంట్ స్క్రిప్ట్ అలాగే ఉండిపోతుంది, కానీ దానికి ఎక్స్‌టెన్షన్‌తో సంబంధం తెగిపోతుంది. బటన్ కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు. దీన్ని కనిపెట్టి 'పేజీని ఒకసారి రిఫ్రెష్ చేయండి' అని చెప్పాలి. ట్యాబ్‌ను వారాల తరబడి మూయనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక తెలుగు. ఇంగ్లీషు మెయిళ్ళతోనే పరీక్షిస్తే ఈ బగ్‌లు ఎప్పటికీ కనబడవు. చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ చేసే మా ధర్మవరం బాబాయి మెయిళ్ళు తెలుగులోనే రాస్తారు. మా టెంప్లేట్ (ముందే రాసిపెట్టుకునే మెయిల్) పెట్టె తెరిచి రెండు అక్షరాలు కొట్టారో లేదో, "ఇదేందప్పా, నేను పదం రాసేలోపే ఏదో వచ్చి పడుతుంది" అన్నారు. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పదం వచ్చే కీబోర్డు వాడతారు. ఆ పదాన్ని ఖాయం చేయడానికి ఎంటర్ నొక్కుతారు. మా కోడ్ దాన్ని 'ఈ టెంప్లేట్ చేర్చు' అని అర్థం చేసుకుంది. పదం ఇంకా తయారవుతోందని బ్రౌజర్ చెబుతూనే ఉంటుంది, మేం ఆ గుర్తును చూడలేదు. ఒక్క లైనుతో సరిపోయింది.

ఆ తర్వాత వెతుకులాట. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. పెట్టని మాటతో వెతికితే పెట్టిన మాట దొరకదు. ఐత్వం (ై) కూడా రెండు రకాలుగా నిల్వ ఉండొచ్చు, ఒకే గుర్తుగానో రెండు ముక్కలుగానో. పోల్చే ముందు రెండు వైపులా ఒకే రూపానికి తేవాలి, ఆ కనిపించని గుర్తును పక్కన పెట్టాలి.

జాబితాలో మొదటి 60 అక్షరాలు చూపించి కత్తిరించడం కూడా అలాంటిదే. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. మధ్యలో కోస్తే పొల్లు మిగులుతుంది, అక్షరం చెడిపోతుంది. అక్షరాల హద్దులు చెప్పే సెగ్మెంటర్ బ్రౌజర్‌లోనే ఉంది, దాన్ని వాడాలి. కంప్యూటర్ల మధ్య టెంప్లేట్లు కలిపి ఉంచే సింక్ స్టోరేజ్‌లో ఒక్కో అంశానికి 8,192 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. సుమారు 2,700 గుర్తులకే నిండిపోతుంది. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అది పెద్ద మెయిలేమీ కాదు. బాబాయి రేట్ల పట్టిక ఉన్న టెంప్లేట్ సేవ్ కాలేదు, కాలేదని మేం చెప్పనూ లేదు. ఆ రోజు ఆయన అదంతా రెండోసారి టైపు చేశారు. నాకు చాలా బాధనిపించింది.

యంత్రాలతో చేసే పరీక్షలు తక్కువేమీ కాదు. బ్రౌజర్‌ను మనిషి లేకుండా నడిపే ప్లేరైట్ అనే సాధనంతో ఎక్స్‌టెన్షన్‌ను క్రోమియంలో (క్రోమ్‌కు ఆధారమైన బ్రౌజర్) నడిపి చూడొచ్చు. అయితే యంత్రం నడిపే బ్రౌజర్ నుంచి లాగిన్‌ను గూగుల్ తరచూ అడ్డుకుంటుంది. అందుకని పరీక్ష ఖాతాలోని పేజీలను దాచిపెట్టుకుని వాటిమీద నడుపుతాం. పాత బగ్ మళ్ళీ రాకుండా అది కాపాడుతుంది. కొత్త బగ్ మాత్రం మనిషి పక్కన కూర్చుంటేనే దొరుకుతుంది. అక్క తన తెరను 125 శాతానికి పెంచుకుని చూస్తుందని, అందులో మా బటన్ సగం పంపే బటన్ కిందకు దూరిందని ఏ ఫారంలోనూ రాయలేదు. "అది అలాగే ఉంటుందేమో అనుకున్నాన్రా" అంది. టెస్టర్లు చెప్పే ఫిర్యాదుల కంటే, చెప్పాల్సిన పనిలేదనుకుని సర్దుకుపోయేవే ఎక్కువ. అందుకే రెండు వారాలకోసారి ఒకరి పక్కన అరగంట కూర్చుంటాం. మధ్యలో మాట్లాడకూడదు, చేయి పెట్టి చూపించకూడదు.

జీమెయిల్ కూడా 2004 ఏప్రిల్ 1న మొదలై, 2009 జులై దాకా బీటా అనే పేరుతోనే ఉంది. మేం మా బీటాను ఇప్పుడు రెండు మెట్లుగా పెట్టుకున్నాం. మొదటి మెట్టులో ఎక్స్‌టెన్షన్ ఏ మెయిలూ పంపదు. పంపాల్సిన సమయానికి 'ఇప్పుడు ఈ మెయిల్ వీళ్ళకు పంపేదాన్ని' అని పక్కన ఒక వరుస రాస్తుంది, అంతే. వాడేవాళ్ళు రోజూ ఆ వరుసలు చూసి సరో కాదో గుర్తు పెడతారు. వరుసగా రెండు వారాలు ఒక్క తప్పూ లేకపోతే, వాళ్ళు అడిగితేనే, వాళ్ళ ఒక్కరికే పంపే బటన్ తెరుస్తాం. 0.6 వెర్షన్‌లో పదకొండు మంది ఉన్నారు. అందులో పంపే బటన్ తెరిచింది నలుగురికి. అక్కకు పోయిన సోమవారం తెరిచాం, ఇప్పటికి ముప్పై ఎనిమిది రిమైండర్లు వెళ్ళాయి, ఏదీ రెండుసార్లు వెళ్ళలేదు. బాబాయి ఇంకా మొదటి మెట్టులోనే ఉన్నారు. రేట్ల పట్టికను రెండు ముక్కలుగా దాచే పని ఈ వారం జరుగుతోంది.